ముప్పయ్యో బొమ్మ

ముప్పై అనే అంకె మీద నాకు ఇప్పటికీ కసి తీరలేదు. ఆ రోజు ఫైల్లో ఇరవైతొమ్మిది అని రాసి ఉంటే నా ఉద్యోగ జీవితంలో చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. హాయిగా ఉండేది.

కొత్తగా సర్కారు కొలువులో చేరిన పిల్లలు మా ఇంటికొచ్చి "అన్నా, నీ సర్వీసులో ఒక కత చెప్పు" అంటుంటారు. నా కతల సంగతి కడపలో కుర్చీలకూ బల్లలకూ కూడా తెలుసు. నేనేం చెప్పినా అందులో పావలా వంతు తీసేసి వినడం మా ఆఫీసులో ఆనవాయితీ. మోకాళ్ళూ ఆఫీసరూ ఒకేసారి నొప్పి పెట్టడంతో నేను ముందే రిటైరై ఇంటికొచ్చేశాను కానీ, ఆ ఆనవాయితీ ఇంకా నడుస్తోందట. సరే, ఈ కతలో కూడా తీసేయాలనిపిస్తే బస్సులెక్కిన చోట తీసేయండి. మనుషుల దగ్గర మాత్రం వద్దు.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయింది. ఊళ్ళోకి ఫ్లెక్సీలు అప్పుడప్పుడే దిగుతున్నాయి. ప్రదర్శనలూ సభలూ పెట్టే ఒక చిన్న ఆఫీసులో నేను అసిస్టెంటుని. అసిస్టెంటంటే మేకులు కొట్టడం, దండలు తేవడం, వచ్చిన అతిథి మాట్లాడుతుంటే ముందు వరసలో కూర్చుని తల ఊపడం. పైనుంచి ఒక కాగితం దిగింది: ప్రాంతీయ చిత్రకారుడి బొమ్మలతో ప్రదర్శన పెట్టవలెను. మా జిల్లాలో చప్పున ఎవరూ దొరకలేదు. కర్నూలు జిల్లా ఆత్మకూరులో ఒక పెద్దాయన ఉన్నాడని తెలిసి, ఆయన్ను తెచ్చుకుందామనుకున్నాం.

పెద్దాయనకు అప్పటికి డెబ్బై. మా తరం బడిపిల్లల వాచకాల్లో కాకి, కుండ, గాడిద అన్నీ ఆయన చేతివే. ఇప్పటికీ ఆయన గీసిన గాడిదే అసలుదనీ, రోడ్డు మీద తిరిగేది నకలనీ నా నమ్మకం. వారపత్రికల్లో కథలకు నలభై ఏళ్ళు బొమ్మలు వేశాడు. వీటన్నిటికంటే ఆయన పేరు నిలబడింది మాత్రం ఇంకో పనిలో. ఆత్మకూరు, నంద్యాల వైపు అంగళ్ళు పెట్టుకున్న కోమట్ల ఇళ్ళల్లో, ఫోటో అనేది దిగకుండానే పోయిన తాతలకు, అవ్వలకు ఆయన బొమ్మలు వేసేవాడు.

ఎట్లా వేస్తాడో మీకు చెప్పాలి, చెప్పకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. ఆ ఇంటికి వెళ్ళి కూర్చుంటాడు. ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతాడు. తాత తలగుడ్డ ఎట్లా చుట్టేవాడు? కోపం వస్తే ఏ కనుబొమ లేచేది? తక్కెడ పట్టుకుంటే మొహం ఎట్లా పెట్టేవాడు? ఆ మాటలన్నీ మూటగట్టుకుని పోయి, నెలకో రెండు నెలలకో బొమ్మతో వస్తాడు. అంతా ఉంటుంది, కళ్ళల్లో నల్లగుడ్లు మాత్రం ఉండవు. బొమ్మను గోడవైపు తిప్పి పెట్టి, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళను పిలిపించి, ఇటు తిప్పుతాడు. వాళ్ళు బొమ్మను చూసి ఏడ్చినా, "సూడు, సచ్చినా ఆ కోపం పోలా" అని తిట్టినా, అక్కడికక్కడే కుంచె తీసి నల్లగుడ్లు పెడతాడు. అట్లా కాకుండా "ఆ... ఉండాడులే, అట్లనే ఉండాడు" అని నసిగితే ఒక్క మాట మాట్లాడకుండా బొమ్మను చంకన పెట్టుకుని ఇంటికి పోతాడు. అట్లా పోయి పోయి, ఆయన ఇంట్లో ఒక మూల కళ్ళులేని తాతలు పదకొండు మంది పోగయ్యారు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడే ఆయన నా ఓపికకు పరీక్ష పెట్టాడు.

"బొమ్మల్ని లారీలో ఎయ్యగాకు. ఒళ్ళో పెట్టుకోని తీస్కపో."

"ముప్పై బొమ్మలు ఒళ్ళో ఎట్ల పెట్టుకోవల్ల సామీ?"

"ముప్పై సార్లు రా. బస్సులు లేవా ఏంది?"

కడప నుంచి నంద్యాల, నంద్యాల నుంచి ఆత్మకూరు. పదకొండు సార్లు తిరిగాను. బయట నలభై అని చెప్పుకుంటాను. ప్రతిసారీ కాఫీ ఇచ్చేవాడు. ప్రతిసారీ నేను తీసుకుపోబోయే బొమ్మను చేతికిచ్చి, మళ్ళీ లాక్కుని, ముక్కుకు ఆనించుకున్నట్టు దగ్గరగా చూసుకుని, మళ్ళీ ఇచ్చేవాడు. కళ్ళల్లో పొరలు వచ్చాయి, ఆపరేషన్ చేయించుకో సామీ అంటే, "చూడాల్సింది చూసినాంక చూస్తాలే" అనేవాడు. అదేం జవాబో నాకు తెలియదు. మూల వైపు పోతే మాత్రం గొంతు మారిపోయేది.

"ఆ మూలకున్నోళ్ళను కదిలియ్యగాకు. వాళ్ళు ఇంగా ఎవురికీ ఏమీ కారు."

ఇక ముప్పై సంగతి. ఆఫీసరు నోట్‌లో ముప్పై బొమ్మలని రాశాడు. పిలుపు కార్డుల్లోనూ ముప్పై అనే అచ్చయింది. చివరికి తేలితే ఆయన ఇవ్వడానికి ఒప్పుకున్నవి ఇరవైతొమ్మిదే. చివరిసారి ఆత్మకూరు వెళ్ళినప్పుడు అక్కణ్ణుంచే ఆఫీసరుకు ఫోన్ చేశాను.

"ఇరవైతొమ్మిది అంటే ఏం బాగుంటాదప్పా? ఎవరో చచ్చిపోతే ఒకరు తక్కువైనట్టుగా! ఏదన్నా ఒకటి తగిలియ్. నువ్వు కతల్లో తగిలించినట్టు తగిలియ్!" అని పెట్టేశాడు.

పెద్దాయన పెరట్లో మొహం కడుక్కుంటున్నాడు. నేను మూలకు వెళ్ళాను. తాతలందరూ పెద్ద పెద్ద పటాలు, సంచిలో పట్టరు. అందరికంటే వెనక, పాత పంచె గుడ్డలో చుట్టి, మూరెడు మాత్రమే ఉన్న బొమ్మ ఒకటి దొరికింది. ఎవరో ఆడమనిషి, వయసులో ఉన్నది. కళ్ళు లేవు. ఏ ఇంటివాళ్ళో కాదన్న బొమ్మ, ఎవరు అడుగుతారు దీన్ని అనుకున్నాను. సంచిలో పెట్టుకుని, ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకునేలోపు వీధిలో ఉన్నాను.

ప్రదర్శనకు రెండు రోజుల ముందు హాల్లో బొమ్మలు తగిలించాం. ఆఫీసరు చేతులు వెనక కట్టుకుని చూసుకుంటూ వచ్చి, ముప్పయ్యో దాని ముందు ఆగాడు.

"ఇదేందప్పా, కండ్లు లేవు?"

"ఆయన పద్ధతి అట్ల ఉండాది సార్..."

"పద్ధతి కాదు, పని పూర్తి చెయ్యలా. రేపు పెద్ద పెద్దోళ్ళు వస్తారు. గుడ్డిదాన్ని తగిలించినారని నవ్వుతారు. మన పెయింటర్ను పిలువ్."

నేను గట్టిగా అడ్డం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఎందుకంటే ఆ బొమ్మ అక్కడికి ఎట్లా వచ్చిందో చెప్పాల్సి వచ్చేది. ఆఫీసులో దొంగలందరూ విధేయులుగా కనిపించేది ఇందుకే, గుర్తు పెట్టుకోండి.

మన పెయింటరు ఒకప్పుడు సినిమా హాళ్ళకు బ్యానర్లు రాసిన మనిషి. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గి, మా సభలకు 'స్వాగతం' అని రాసుకుంటూ ఉన్నాడు. మొహం గీసి చాలా రోజులైంది పాపం, బొమ్మను చూడగానే చేతులు రుద్దుకున్నాడు.

"ఏ కండ్లు కావల్లన్నా? కోలవా, గుండ్రంవా, హీరోయిన్‌వా?"

"ఏవో ఒకటి పెట్టి కానియ్యప్పా."

నా టీ చల్లారకముందే కానిచ్చాడు. ఏమాటకామాటే, కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. హాల్లో ఎక్కడ నిలబడినా మనల్నే చూస్తున్నాయి. ఇంకో నిమిషంలో పాటందుకుంటాయేమో అన్నట్టున్నాయి.

ప్రారంభం రోజు పెద్దాయన తెల్లచొక్కా వేసుకుని, చేతిసంచితో బస్సు దిగాడు. ఆఫీసరు దండ వేశాడు. వేదిక మీదికి రమ్మంటే ఆయన గోడ దగ్గరికి వెళ్ళాడు. ఒక్కొక్క బొమ్మనూ వాసన చూస్తున్నట్టు చూసుకుంటూ కదిలాడు. మైకులో ఎవరో ఆయన్ను పొగుడుతూనే ఉన్నారు. నేను లెక్క పెట్టుకుంటున్నాను. ఇరవైఏడు. ఇరవైఎనిమిది. ఇరవైతొమ్మిది.

ముప్పయ్యో దాని ముందు ఆయన నిలబడిపోయాడు. తిడతాడనుకున్నాను. దొంగా అంటాడనుకున్నాను. దానికి జవాబు కూడా తయారుగా ఉంది. ఆయన నా వైపు తిరిగి, చిన్న గొంతుతో అడిగింది మాత్రం వేరే.

"ఎవురు గుర్తుపట్టినారు?"

నాకు అర్థం కాలేదు.

"కండ్లు పెట్టినారు గదా. ఎవురో గుర్తుపట్టుంటేనే గదా పెడతారు. ఎవురొచ్చినారప్పా? మా యమ్మను ఎవురు గుర్తుపట్టినారు?"

ఆయన తల్లి. అక్కడ నిలబడే చెప్పాడు, దండ మెడలో ఉండగానే. కాన్పుకు పుట్టింటికి పోయి, ఈయనకు ఐదో నెల నడుస్తుండగా అక్కడే పోయింది. మీవల్లంటే మీవల్లని రెండు కుటుంబాలూ విడిపోయాయి. తండ్రి చెప్పిన రెండు మాటలూ, అద్దంలో తన ముక్కూ పట్టుకుని ఈయన ఆ బొమ్మ వేశాడు. కళ్ళు పెట్టడానికి 'ఈమే' అని చెప్పేవాళ్ళు ఒక్కరు కావాలి. నలభై ఏళ్ళుగా ఆ బొమ్మ పంచె గుడ్డలో అందుకే ఉంది.

అప్పుడు నిజం చెప్పాలి. ఎంత కష్టమని? ముప్పై అంకె, పెయింటరు, అంతే గదా, మూడు వాక్యాలు. కానీ ఆయన మొహం చూస్తే నా నోరు దాని అలవాటు చొప్పున అదే కదిలింది.

"ఒక అవ్వ వచ్చింది సామీ. మొన్న. మనవరాలి మొక్కుకని దర్గాకొచ్చి, ఈడ జనం ఉండారని లోపలికొచ్చింది. చూస్తానే ఏడ్సింది. బస్సుకు టైమైందంటే, మీరొచ్చేదాకా ఆగదని, ఆ యమ్మ చెప్తాంటే మా పెయింటరే పెట్టినాడు."

అబద్ధానికి కాళ్ళూ చేతులూ మొలకు గుడ్డా అన్నీ అమర్చాను. ఒక్కటే మర్చిపోయాను. ఊరు.

"యా ఊరంట?"

"చెప్పలా సామీ."

"ఇంగేం ఊరుంటాది? మా యమ్మది ఒకటే ఊరు. పద."

"యాడికి?"

"ఆ యమ్మ కాడికి."

గోడ మీంచి బొమ్మను తీసి చంకన పెట్టుకున్నాడు. ఆఫీసరు వేదిక దిగి పరుగెత్తుకొచ్చాడు. ఒక చేతిలో శాలువా, ఇంకో చేతిలో కార్డు. "యాడికి పోతాండారు సార్! శాలువా ఎవురికి కప్పల్ల?" అని, నా చెవిలో "మళ్ళా ఇరవైతొమ్మిదే గదరా! ముగింపు నాటికి ఆయన్ను, దాన్ని తీస్కరాకపోతే నువ్వు కూడా రాగాకు" అన్నాడు. శాలువా చివరికి పెయింటరుకు కప్పారని తర్వాత తెలిసింది. ఇక్కడ పావలా తీసేసుకోవచ్చు.

అట్లా నేను, లేని అవ్వను వెతకడానికి బస్సెక్కాను. పన్నెండోసారి. ఈసారి బొమ్మ ఆయన ఒళ్ళో ఉంది. ఆ రెండు కళ్ళూ కడప నుంచి నంద్యాల దాకా నన్నే చూశాయి. ఆ ఊరు ఆత్మకూరుకు ఆటోలో అరగంట దూరమని దిగాక తెలిసింది. అరగంట! పోయినోళ్ళ ఆనవాళ్ళ కోసం లోకం మీద ప్రతి గడపా ఎక్కి అడిగిన మనిషి, తన తల్లి కోసం డెబ్బై ఏళ్ళలో ఆ అరగంట పోలేదు. నాకు ఒళ్ళు మండింది. ఎందుకు పోలేదు సామీ అంటే ఏం చెప్పాడో వినండి: "వాళ్ళు పిల్సలా."

ఆ ఊళ్ళో ముసలివాళ్ళు ఒక్కరు కూడా మిగిలి ఉండకూడదని శ్రీశైలం మల్లన్నకు మొక్కుకున్న పాపిని నేను. మల్లన్న నా మొక్కు వినలేదు. టీకొట్టు దగ్గర ఆటో ఆపి, పెద్దాయన తన తల్లి పుట్టినింటి పేరు చెప్పాడు.

"ఆ ఇంట్లో పాతోళ్ళలో ముసిల్ది ఒకతే మిగిలినాది" అన్నాడు కొట్టాయన. "శానా వయసు. చెవులు బాగనే ఉండాయి, కండ్లు అంతకన్నా బాగుండాయి. కాళ్ళే లేవు. గడప దాటి పదేండ్లయింది."

గడప దాటి పదేళ్ళు. దర్గాకు మొన్న. పెద్దాయన నా వైపు ఒకసారి చూశాడు. నేను టీగ్లాసు లోపలికి చూస్తూ ఉండిపోయాను.

ముసలామె వసారాలో కాళ్ళు చాపుకుని చెనక్కాయలు ఒలుస్తోంది. పెద్దాయన చెప్పులు విడిచి, కింద కూర్చుని, తండ్రి పేరు చెప్పాడు. ఆమె ఒలిచే చేయి ఆగింది.

"దోవ దొరికినాదా రా నీకు?"

"దొరికినాదత్తా."

"మీ మామ పొయ్యేటప్పుడు గూడా నీ పేరే. కొడుకుల పేర్లు తల్సలా, నీ పేరు తల్సినాడు. ఎవురో పత్రికలో నీ బొమ్మలు చూపిస్తే చించి పెట్టెలో పెట్టుకున్యాడు. ఇన్నేండ్లు ఏం పుట్టినాది రా నీకు?"

"మీరు పిల్సలా గదత్తా."

"పిల్సేదేంది! నువ్వేమన్నా కొత్తల్లునివా?"

ఈ మాట నేను అనాల్సింది. ఆమె అనేసరికి నా కడుపు చల్లబడింది. ఆమె ఆయన మేనమామ భార్య. ఈయన పుట్టిననాటికి ఆ ఇంటికి కొత్త కోడలు.

పెద్దాయన బొమ్మను తన వైపు తిప్పి పెట్టుకుని, తర్వాత ఆమె వైపు తిప్పాడు. నలభై ఏళ్ళు ఊరూరా తిప్పినట్టే.

ఆమె శానాసేపు చూసింది. చెనక్కాయ పొట్టు దులుపుకుని మళ్ళీ చూసింది.

"ముక్కు మా వదినదే" అంది. బొమ్మ గడ్డం మీద వేలు పెట్టింది. "గదువ గూడా. ఆ గదువ మీద గాటు నీకెట్ల తెలిసెరా? పొయ్యిగడ్డ తగిలింది చిన్నప్పుడు. నీకెవురు చెప్పినారు?"

"నాయన చెప్పినాడు."

"కండ్లెవురివప్పా ఇవి? సినిమా దానివి మాదిరి ఉండాయి! నన్నే చూస్తాంది, ఎగాదిగా. మా వదిన ఎవురినీ ఇట్ల చూసి ఎరగదు."

నేను వసారా దూలాలు లెక్కపెట్టాను. ఏడు.

"మరి ఎట్లుండేవత్తా?"

"నాకేం తెలుసు రా? తల ఎత్తితే గదా చూసేది! ఆ ఐదు నెలలూ ఒళ్ళో నిన్నేసుకోని తల వొంచుకోని కూసోనుండేది. పిల్సినా పలకదు. తిండి పెట్టినా చూడదు. నిన్నే చూస్తా ఉండేది. తల్లి దిష్టి పొల్లాది, అంత చూడగాకే, బిడ్డకు తగుల్తాదే అని మా యత్త తిడతానే ఉండె. యాడ ఇన్నాది?"

పెద్దాయన జేబులోంచి పెన్సిళ్ళు చెక్కుకునే బ్లేడు తీశాడు. మా పెయింటరు హీరోయిన్ కళ్ళను గీకాడు, మెల్లగా, పక్క చర్మం లేవకుండా. రంగు పొరలు పొరలుగా చెనక్కాయ పొట్టులో పడింది. సంచిలో కుంచె ఉంది, రంగు లేదు.

"కాటుక ఉండాదా అత్తా?"

"ముసిల్దాన్ని, నాకేంటికి రా కాటుక? లోపల మునిమనవరాలిది ఉంటాది, చూడు."

ఆ పసిపిల్ల కాటుకభరిణె నేనే తెచ్చాను. ఆమెకు ఎదురుగా, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, ఆయన రెండు గీతలు గీశాడు. అంతే, రెండే. కిందికి వాలిన రెప్పలు. నల్లగుడ్ల అవసరమే లేకపోయింది. ఆ మనిషి ఎవరినో చూస్తోంది, బొమ్మ అంచుకు కింద, మనకు కనపడని చోట.

ముసలామె భరిణెలో వేలు ముంచి, ముందుకు వంగి, డెబ్బై ఏళ్ళ మనిషి బుగ్గ మీద ఇంత దిష్టిచుక్క పెట్టింది.

మూడో రోజు ముగింపు సభకు ఇద్దరం కడపకు తిరిగొచ్చాం. బొమ్మను పైకి తగిలించమని పెద్దాయన పట్టుబట్టాడు. ఎంత ఎత్తుకంటే, తానే కింద నిలబడి, తల పైకెత్తి, ఇంకొంచెం, ఇంకొంచెం అన్నాడు. "కండ్లు ఇప్పుడు మూసేసినారేందప్పా?" అని ఆఫీసరు నాకు మెమో ఇచ్చాడు. ఆ మెమోకు నేను రాసిన జవాబు నా సర్వీసులో రాసిన ఏకైక నిజం. దాన్ని ఆయన నవ్వుకుంటూ చదివి, "ఏం కతలప్పా నీవి" అని ఫైల్లో పెట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో జరిగింది మాత్రం ఆ జవాబులో రాయలేదు.

బుగ్గ మీద దిష్టిచుక్క అట్లాగే ఉంది ఆయనకు. కండక్టరు టికెట్టు కొడుతూ మూతి బిగపట్టుకున్నాడు. నంద్యాల దాటాక ఆయన మా పిలుపు కార్డు వెనక్కి తిప్పి, పెన్సిలు తీశాడు.

"ఆ దర్గాకొచ్చిన అవ్వ ఎట్లుండాది? చెప్పప్పా."

"ఎందుకు సామీ ఇప్పుడు..."

"చెప్పు. ఆ యమ్మ పుణ్యమే గదా ఇదంతా."

చెప్పాను. ఏం చేయను? బస్సు కుదుపుల మధ్య, అడిగిందానికల్లా చెప్పాను. తల ముగ్గుబుట్ట, ముక్కుకు రెండు పక్కలా పుడకలు, పైపళ్ళు రెండు లేవు, నవ్వితే ఎడమ బుగ్గ లోపలికి పోతుంది, చెవి తమ్మె సాగి ఉంటుంది. నేను చెప్పేకొద్దీ ఆయన వేస్తూ పోయాడు. పొరలు కమ్మిన కళ్ళతో, కదిలే బస్సులో. నేను కల్పించినదాని కంటే ఆయన వేసింది బాగుంది. ఆ అవ్వకు నిజంగా మనవరాలు ఉన్నట్టుంది. నిజంగా మొక్కున్నట్టుంది.

కార్డును తన వైపు తిప్పుకుని పెట్టుకున్నాడు. పెన్సిలు మొన చూసుకున్నాడు. అప్పుడు నా వైపు తిప్పాడు. నల్లగుడ్లు లేవు.

"ఈమేనా? గుర్తుపడితే కండ్లు పెడతా."

ఒక్క మాట చాలు. 'ఈమే' అంటే చాలు. ఇన్నేళ్ళలో నేను ఆడిన అబద్ధాలు పరిస్తే కడప నుంచి కర్నూలు దాకా రోడ్డు పడుతుంది. ఆ ఒక్క మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది. ఆయన కడప వచ్చేదాకా పెన్సిలు పట్టుకునే కూర్చున్నాడు, తొందరేం లేదన్నట్టు. దిగేముందు కార్డును నా చేతిలో పెట్టాడు.

పెద్దాయన పోయి చాలా కాలమైంది. కార్డు మా ఇంట్లో గోడ మీద ఉంది. వచ్చినవాళ్ళు "ఈ యవ్వ ఎవురన్నా, కండ్లేమైనాయి?" అని అడుగుతారు. ఒకొక్కరికి ఒకొక్క కత చెబుతాను. అందరూ పావలా తీసేసుకుని నమ్ముతారు. ఆ యవ్వకు మాత్రం ఇంకా కండ్లు రాలేదు.